శుక్రవారం ఇంటిపేరైన కథ

ఆదివారం పుట్టిన పిల్లకి ఆదెమ్మ అని, సోమవారం పుట్టినవాడికి సోమయ్య అని పేరు పెట్టుకోవడం మనకి కొత్త కాదు. కాని వారం పేరు ఇంటిపేరే అయితే? బల్గేరియా దేశంలో ‘పెట్కోవ్’ అనే ఇంటిపేరు సంగతి అదే. ఆ ఇంటి ఆడవాళ్ళని ‘పెట్కోవా’ అంటారు.

వాళ్ళ భాషలో ‘పెట్’ అంటే అయిదు. మన ‘పంచ’కీ దానికీ మూలం ఒకటేనని భాషావేత్తలు చెబుతారు. సోమవారం మొదలు లెక్కపెడితే అయిదోది శుక్రవారం కదా, దాన్ని ‘పెటక్’ అన్నారు. ఆ శుక్రవారం పేరే ఒక పుణ్యస్త్రీకి వచ్చింది. గ్రీకులు ఆవిడను పరస్కేవి అంటే, బల్గేరియా వాళ్ళు పెట్కా అన్నారు. 13వ శతాబ్దంలో రెండో ఇవాన్ అసెన్ రాజు ఆవిడ అస్థికలను తన రాజధాని టర్నోవోకి తెప్పించుకున్నాడు. రాజ్యాలు తలకిందులై, అవి ఊరూరా తిరిగి, 1641లో ఇప్పటి రుమేనియాలోని యాష్ పట్టణం చేరాయి.

ఆడవాళ్ళకి పెట్కా అంటే భక్తీ, భయమూ కూడాను. శుక్రవారం నూలు వడికితే ఆవిడకి కోపం వస్తుందని రాట్నం ముట్టేవారు కారు. శుక్రవారం పూట డబ్బు చెయ్యి దాటనివ్వని మనకి ఇదేం వింత కాదులెండి! అక్టోబరు 14 ఆవిడ పండుగ.

పెట్కా ఆడపేరు, పెట్కో మగపేరు. పేతర్ అనే పేరుని ముద్దుగా పెట్కో అని పిలవడమూ ఉంది. చివర ‘ఓవ్’ చేరిస్తే పెట్కోగారి తాలూకు అని అర్థం. పూర్వం ఇది తరతరానికీ మారేది, తండ్రి పేరో తాత పేరో తగిలించుకునేవారు. తర్వాత్తర్వాత స్థిరపడింది.

ఆ పేరు మోసిన ఒక ఇంటి సంగతి వింటే మనసు కలుక్కుమంటుంది. దిమితర్ నికోలోవ్ పెట్కోవ్, అంటే నికోలా కొడుకు దిమితర్, 1877లో షిప్కా యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. సోఫియా నగరానికి మేయరయ్యాడు, ప్రధాని అయ్యాడు. 1907లో నడివీధిలో కాల్చి చంపారు. పెద్ద కొడుకు పెట్కోని 1924లో చంపేశారు. ఇంకో కొడుక్కి తాతగారి పేరే, నికోలా అని పెట్టారు. రైతుల పార్టీ నాయకుడై కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎదిరించిన ఆ నికోలాని 1947 సెప్టెంబరులో ఉరి తీశారు.

1990లో కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అప్పటికి ఆయన పోయి 42 ఏళ్ళు దాటింది.