పిలుపు ఎవరికి, ఎవరి ద్వారా? – ఒంగోలు సంఘ చరిత్ర నుండి ఒక పరిశీలన

వేదాంత విద్యకు వచ్చే అభ్యర్థులను "దేవుడు నిన్ను ఎలా పిలిచాడు?" అని అడగడం మన సంస్థలలో ఆనవాయితీ. ఈ ప్రశ్న అడిగేవారి వరుసలో మేము కూడా చాలాసార్లు కూర్చున్నాము. జవాబులు సాధారణంగా ఒకే విధంగా ఉంటాయి: ఒక కల, ఒక స్వస్థత, ఉజ్జీవ కూటంలో చేయి ఎత్తిన ఒక రాత్రి. ఈ సాక్ష్యాలను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే పిలుపు అనేది దేవునికీ ఒక వ్యక్తికీ మధ్య నడిచే ఏకాంత విషయం మాత్రమేనా? తెలుగు సంఘ చరిత్రలోని ఒక ఘట్టం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఫలం కనిపించని కాలం

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ల తరబడి ఫలితం అత్యల్పం. ఈ పనిని మూసివేయాలనే ఆలోచన అమెరికాలోని పెద్దల మధ్య ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. అటువంటి రోజులలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, లైమన్ జెవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. ఆ కొండకు 'ప్రార్థన కొండ' అనే పేరు నిలిచింది. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే ఆ ప్రార్థనకు, జవాబుకు మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

2. ముందుగా వినిన పేరయ్య

మన చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఇక్కడి నుండి క్లౌ దొర కథగా సాగుతాయి. అయితే క్లౌ ఒంగోలులో స్థిరపడక ముందే దేవుడు మరొకరిని పిలిచాడు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. గురువును ఆశ్రయించి యోగసాధన చేసినవాడు, తనకంటూ శిష్యులున్నవాడు. వ్యాపారం నిమిత్తం ఏలూరు ప్రాంతానికి వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట క్రీస్తును గూర్చి విన్నాడు. తాను వెదకుచున్నది దొరికిందని నమ్మి ఇంటికి తిరిగి వచ్చాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు.

తరువాత పేరయ్య తాను వినినది తన బంధువుల మధ్య, చుట్టుపట్ల మాదిగపల్లెలలో చెప్పుకుంటూ తిరిగాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడుకు వెళ్లేసరికి అక్కడ జనం సిద్ధంగా ఉన్నారు. కొన్ని రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ కోయడానికి వచ్చిన పొలంలో విత్తింది పేరయ్య దంపతులు.

3. మిషనరీకి కూడా పిలుపు అవసరమైంది

ఆ రోజులలో ఒంగోలులో బ్రాహ్మణులు, ఇతర అగ్రవర్ణాలవారు క్లౌను ఆదరించి, తమ పిల్లలను ఆయన బడికి పంపుచున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని వారు స్పష్టం చేశారు. ఎవరిని ఎన్నుకోవాలి? క్లౌ తన గదిలో బైబిలు తెరవగా 1 కొరింథీయులకు 1:26-29 కనబడింది. లోకరీతిగా జ్ఞానులను, ఘనులను గాక, నీచులని ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని, అదే మీ పిలుపు అని పౌలు చెప్పిన భాగం అది. ఇంటిలో మరొకచోట ఉన్న ఆయన భార్య కూడా, ఆయన సంగతి ఎరుగకుండానే, అదే భాగం చదివి ఆయన దగ్గరకు వచ్చిందని క్లౌ తన జ్ఞాపకాలలో వ్రాశాడు. అగ్రకులాల పిల్లలు బడి విడిచిపోయారు. మాదిగలు సంఘంలోకి వచ్చారు.

ఈ సంఘటనను దైవికమైన గుర్తుగా చెప్పుకొని మనం ముందుకు సాగిపోతుంటాము. మా దృష్టిలో అసలు విషయం వేరు. సముద్రం దాటి వచ్చిన మిషనరీ తన పిలుపు ఎటువంటిదో తెలుసుకున్నది, గుమ్మం దగ్గర నిలిచిన మాదిగలను చూచిన తరువాతనే.

4. పిలుపుకు చెల్లించిన వెల

విశ్వాసంలోకి వచ్చినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. నేడు ఇవి చిన్నవిగా కనిపించవచ్చు. కాని జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి పోవడం మాదిగలకు గ్రామం విధించిన చాకిరీ. దానికి కాదన్నవారు కరణం, మునసబుల ఆగ్రహానికి, దెబ్బలకు గురయ్యారు. వారు ఊరు విడిచి పోలేదు. అదే పల్లెలో, చాలామంది అదే తోలు పనిలో ఉంటూ, కొన్నిటికి 'కాదు' అనడం నేర్చుకున్నారు. మన గ్రామాలలో దేవుని పిలుపుకు పలికిన మొదటి జవాబు చాలాచోట్ల ఆ 'కాదు' అనే మాటే.

5. నిరీక్షణ అనే పరీక్ష

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించాడు. బోధకులే అక్కడ పని చూచేవారు, వాక్యం చెప్పేవారు. అనేకులు బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. సహాయ కార్యక్రమం ముగిసిన తరువాత, 1878 జూన్‌లో, వెల్లంపల్లి దగ్గర జనం మరల గుమిగూడారు. తమకు డబ్బు అక్కరలేదని, తాము కష్టపడి బ్రదుకుచున్నామనుటకు చేతుల బొబ్బలే సాక్ష్యమని, వచ్చే పంట పోతే చావవలసి వచ్చినా క్రైస్తవులుగానే చస్తామని వారు బదులిచ్చారు. జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చారు.

ముగింపు

ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాము. నీటిలో నిలిచిన ఆ ఆరుగురి పేర్లు చెప్పమంటే మనలో ఎందరు చెప్పగలరు? పేరయ్యతోపాటు నాగమ్మను తలచుకునే ప్రసంగాలు ఎన్ని విన్నాము?

ఈ చరిత్ర మనకు మూడు సంగతులు నేర్పుతుంది. పిలుపు తరచుగా మనం లెక్కచేయని నోటి ద్వారా వస్తుంది. దానికి జవాబు ఉన్నచోటనే, వెల చెల్లించి ఇవ్వవలసి ఉంటుంది. లాభం ఆగిపోయిన తరువాత కూడా నిలిచే జవాబే నిజమైన జవాబు. కాబట్టి "దేవుడు నిన్ను ఎలా పిలిచాడు?" అనే ప్రశ్నతోపాటు మరి రెండు ప్రశ్నలు కూడా అడగాలని మేము తలస్తున్నాము: "ఎవరి నోట విన్నావు? విన్న తరువాత దేనికి కాదన్నావు?" ఈ ప్రశ్నలు అభ్యర్థులకు మాత్రమే కాదు. బల్లకు ఇవతల కూర్చున్న మేము కూడా వాటికి జవాబు చెప్పవలసినవారమే.