బహుళ అంతస్తుల కార్యాలయ భవనాల్లో ఇంధన పొదుపు: నక్షా దశలోనే కీలక నిర్ణయాలు

ఉష్ణ ప్రాంతాల్లోని బహుళ అంతస్తుల కార్యాలయ భవనాల విద్యుత్ వినియోగంలో శీతలీకరణ వాటా అధికం. ఏసీ యంత్రాలను కాలక్రమంలో మార్చుకోవచ్చు. భవనం దిశను, ఆకృతిని మాత్రం నిర్మాణానంతరం మార్చడం సాధ్యం కాదు. అందువలన నక్షా దశలో తీసుకునే నిర్ణయాలే దశాబ్దాల విద్యుత్ బిల్లును నిర్ణయిస్తాయి.

భవనం దిశ: హైదరాబాద్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. వేసవిలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు కిటికీలకు సన్‌షేడ్‌లు చాలావరకు సరిపోతాయి. తూర్పు, పడమరల నుంచి వాలుగా వచ్చే ఎండను అవి ఆపలేవు. కనుక పొడవైన గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండటం శ్రేయస్కరం. లిఫ్టులు, మెట్లు, మరుగుదొడ్లను ఎండ తగిలే వైపు అమర్చితే పనిచేసే గదులకు అవే రక్షణ కల్పిస్తాయి. మలేసియాలో 1992లో పూర్తయిన 15 అంతస్తుల మెనారా మెసినియాగా భవనంలో వాస్తుశిల్పి కెన్ యాంగ్ వీటిని తూర్పు వైపున ఉంచి, సహజమైన గాలి, వెలుతురు అందేలా రూపొందించారు. ఈ భవనానికి 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది.

అద్దాల విస్తీర్ణం: ఈసీబీసీగా వ్యవహరించే ఇంధన పొదుపు భవన నియమావళి (2017) ప్రకారం, నిర్దేశిత పద్ధతిని ఎంచుకున్న భవనాల్లో కిటికీల విస్తీర్ణం గోడల మొత్తం విస్తీర్ణంలో 40 శాతం మించరాదు. ఉష్ణ మండలాల్లో, ఉత్తర దిశ మినహా మిగిలిన వైపుల అద్దాలు సాధారణంగా సూర్యతాపంలో 27 శాతానికి మించి లోనికి రానీయరాదు.

శీతలీకరణ: హైదరాబాద్ సమీపంలోని పోచారంలో ఇన్ఫోసిస్ సంస్థ 2011లో వినియోగంలోకి తెచ్చిన భవనంలో సగభాగానికి సాధారణ ఏసీ వ్యవస్థను, మిగిలిన సగానికి శ్లాబులోని గొట్టాల ద్వారా చల్లని నీటిని ప్రవహింపజేసే వ్యవస్థను ఏర్పాటు చేశారు. రెండో భాగంలో శీతలీకరణ విద్యుత్ వినియోగం సుమారు 34 శాతం తక్కువగా నమోదైంది. రెండు భాగాలూ ఒకే కప్పు కింద ఉన్నందున ఈ పోలికకు ప్రత్యేక ప్రాధాన్యత ఉంది.

నిర్మాణ సామగ్రి: సిమెంట్, ఉక్కు, అద్దాల తయారీలోనే కర్బన ఉద్గారాలు వెలువడతాయి. థర్మల్ కేంద్రాల బూడిదను 15 నుంచి 35 శాతం వరకు కలిపిన పోజోలానా సిమెంట్ వాడకంతో ఈ భారం కొంత తగ్గుతుంది.

చట్టబద్ధత: 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఈసీబీసీని తొలిసారి 2007లో కేంద్రం ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో దీనిని రాష్ట్రానికి అనుగుణంగా జారీ చేసింది. 2022 సవరణ చట్టం నియమావళి పరిధిని పర్యావరణ సుస్థిరతకూ విస్తరించింది. ఈ ప్రమాణాలను నక్షాల ఆమోద సమయంలోనే పరిశీలించినప్పుడు పూర్తి ప్రయోజనం చేకూరుతుంది. గోడలు లేచిన తరువాత మిగిలేది యంత్రాల మార్పిడి మాత్రమే.