జరగని పోటీలు

మా మేడ్చల్ వైపు జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడియంతో ముగుస్తాయి. చిన్నప్పుడొక జాతరలో కడియం కుస్తీ చూడాలని పొద్దుగూకేదాకా కూర్చున్నాను. అందరినీ పడగొట్టి యిద్దరు మిగిలారు. వొకడు దొరగారి బంధువు; రెండోవాడు వూరి చివరి వాడలో పుట్టినవాడు. పెద్దలు గుసగుసలాడుకున్నారు. చీకటిపడిందని చెప్పి కడియం మొదటివాడి చేతికి తొడిగారు. నిజానికి యింకా వెలుతురున్నది.

ముష్టియుద్ధ చరిత్ర చదివినప్పుడల్లా ఆ సాయంత్రం జ్ఞాపకం వస్తుంది. అమెరికా వీరుడు జాన్ సల్లివన్ 1892లో ప్రపంచంలోని బాక్సర్లను సవాలు చేస్తూ, నల్లవాళ్లతో మాత్రం తలపడనని ప్రకటించాడు. ఆ మాట గురి పీటర్ జాక్సన్. వెస్టిండీస్ దీవుల్లో పుట్టి, ఆస్ట్రేలియా చేరి, 1886లో ఆ దేశపు విజేత అయినవాడు. 1891 మే 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడాడు, యెవరూ నెగ్గలేదు. మరుసటి యేడు కార్బెట్ సల్లివన్‌ను వోడించి పీఠమెక్కాడు. జాక్సన్‌కు మాత్రం ఆ పీఠం కోసం పోరాడే అవకాశం రాలేదు. 1901లో క్షయతో చనిపోయాడు.

1908 డిసెంబరు 26న సిడ్నీలో జాక్ జాన్సన్ టామీ బర్న్స్‌ను వోడించి, ఆ పీఠమెక్కిన తొలి నల్లవాడైనాడు. వోడిన బర్న్స్‌కు ముట్టినవి 30,000 డాలర్లు, గెలిచినవాడికి 5,000. అతన్ని దించటానికి జిమ్ జెఫ్రీస్‌ను విశ్రాంతి నుంచి లాక్కొచ్చారు. 1910 జూలై 4న రీనోలో జెఫ్రీస్ 15వ రౌండులో వోడాడు. ఆ రాత్రి అమెరికా నగరాల్లో నల్లవాళ్లమీద దాడులు జరిగాయి.

దీన్నంతా వర్ణద్వేషం ఖాతాలో రాసి పుస్తకం మూసేసే మిత్రులున్నారు. నేను వొప్పుకోను. పీఠమెక్కిన జాన్సన్ కూడా సామ్ లాంగ్‌ఫర్డ్ అనే నల్లవాడికి అవకాశమివ్వలేదు; 1906లో అతన్ని 15 రౌండ్లలో నెగ్గినవాడే. తెల్లవాడితో పోటీ అంటే జనం విరగబడతారు, డబ్బు రాలుతుంది. లాంగ్‌ఫర్డ్‌తో అయితే దెబ్బలెక్కువ, రాబడి తక్కువ. జాన్సన్‌ను తప్పుపట్టటం తేలికే. కాని ఆ బజారును నడిపింది అతను కాదు.

నడిపిన వాళ్లలో టెక్స్ రికర్డ్ వొకడు. రీనో పోటీ అతనిదే. 1919లో విజేత అయిన జాక్ డెంప్సీకీ, నల్లవాడైన హ్యారీ విల్స్‌కూ పోటీ అని పత్రికలు యేళ్ల తరబడి రాశాయి. 1922లో వొప్పందం మీద సంతకాలు కూడా పడ్డాయి. పోటీ జరగలేదు. 1926లో న్యూయార్కు కమిషన్, ముందు విల్స్‌తో తేల్చుకోమన్నది. రికర్డ్ తన బేరాన్ని ఫిలడెల్ఫియాకు తరలించి, డెంప్సీకి జీన్ టనీతో పోటీ పెట్టాడు. సుమారు 1,20,000 మంది చూశారు. 1915లో జాన్సన్ వోడిన తర్వాత 1937లో జో లూయీ దాకా, 22 యేళ్లు, మరో నల్లవాడికి ఆ పీఠం కోసం పోరాడే వీలు దొరకలేదు.

మన దగ్గరి సంగతి. 2019 ఆగస్టులో ఢిల్లీలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 51 కిలోల యెంపిక పోటీకి సిద్ధమయింది. మేరీ కోమ్ విజయాలను చూపి సమాఖ్య ఆ పోటీని రద్దుచేసింది. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత. ఆ గౌరవం చిన్నదేం కాదు. అయినా నిఖత్ అక్టోబరులో క్రీడా మంత్రికి లేఖ రాసి పోటీ అడిగింది. డిసెంబరు 28న పోటీ జరిగింది, 9-1తో వోడింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయింది.

మొన్న హకీంపేట క్రీడా పాఠశాల దాటి శామీర్‌పేట వెళ్తున్న బస్సులో వొక విద్యార్థి అడిగాడు: "ఆగస్టులో జరిగినా వోడిపోయేదే కదా సార్?" కావచ్చునన్నాను. కడియం దొరకని ఆ కుర్రవాడు మాత్రం మళ్లీ బరిలోకి దిగలేదు. బొల్లారంలో కూలికి కుదిరాడని విన్నాను.