తన పుస్తకం తానే వేసుకున్న విట్మన్

అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మొదటి కూర్పు 1855 జూలై తొలి వారంలో అప్పట్లో న్యూయార్క్ పక్కనే విడి నగరంగా ఉన్న బ్రూక్లిన్‌లో వెలువడింది. దానికి ప్రచురణకర్త అంటూ ఎవరూ లేరు. ఖర్చంతా కవిదే. అచ్చయినవి 795 ప్రతులు. అప్పటినుంచి 1892లో చనిపోయేదాకా ఆయన ఆ ఒక్క పుస్తకాన్నే పెంచుతూ, దిద్దుతూ, మళ్లీ మళ్లీ వేస్తూ, అమ్ముతూ వచ్చాడు. ఎన్నో భాషల్లో వచన కవితకు దారి చూపిన పుస్తకమిది. తెలుగులో వచన కవిత ప్రస్తావన వచ్చినప్పుడు కూడా విట్మన్ పేరు వినబడుతూనే ఉంటుంది. ఆ కవిత్వానికి ఎంత చరిత్ర ఉందో, ఆ పుస్తకం అచ్చుకూ అమ్మకానికీ అంత చరిత్ర ఉంది.

విట్మన్ 1819 మే 31న లాంగ్ ఐలండ్‌లో పుట్టాడు. ఇంట్లో జరుగుబాటు అంతంతమాత్రం. పదకొండో ఏట చదువు ఆగిపోయింది. పన్నెండో ఏట ఒక వారపత్రిక అచ్చాఫీసులో పని నేర్చుకోవడానికి చేరాడు. తర్వాత కంపోజిటర్‌గా, బడిపంతులుగా, విలేకరిగా బతికాడు. 1838లో 'లాంగ్ ఐలండర్' అనే పత్రికను సొంతంగా పెట్టి, రాత, కూర్పు, అచ్చు తానే చూసుకుని, గుర్రమెక్కి ఊరూరా తిరిగి చందాదారులకు తానే అందించాడు. 1846 నుంచి రెండేళ్లు 'బ్రూక్లిన్ డైలీ ఈగిల్'కు సంపాదకుడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఇళ్లు కట్టి అమ్మాడు. ముప్పై ఆరో ఏట కవితా సంపుటి వేసేనాటికి సిరా వాసన దగ్గర్నుంచి పత్రికాఫీసు లోగుట్టు దాకా ఆయనకు తెలియనిది లేదు. తర్వాతి కథంతా నడిపించింది ఈ అనుభవమే.

పుస్తకం అచ్చయింది బ్రూక్లిన్‌లో ఫుల్టన్, క్రాన్‌బెరీ వీధులు కలిసే మూల ఉన్న రోమ్ సోదరుల అచ్చాఫీసులో. వాళ్లు విట్మన్‌కు స్నేహితులు. అక్కడ ఎక్కువగా అచ్చయ్యేవి కోర్టు ఫారాలు, లావాదేవీల పత్రాలు. 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' పేజీ అంత పెద్దదిగా ఉండటానికి, ఆ ఫారాల కాగితం సైజులోనే వేయడం కారణమై ఉండొచ్చని పరిశోధకుల ఊహ. కారణం ఏదైనా, ఛందస్సును వదిలి సాగిపోయే ఆ పొడవాటి పంక్తులకు ఆ వెడల్పు సరిగ్గా అమరింది. దాదాపు పది పేజీలు విట్మనే స్వయంగా కంపోజ్ చేశాడు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, గళ్ల కేసులోంచి సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చుకుంటూ పోవాలి. తన పంక్తి ఎంత బరువుందో, ఎక్కడ విరుగుతుందో వేళ్లతో తెలుసుకున్న కవి ఆయన. అచ్చు నడుస్తుండగానే యంత్రం ఆపించి తప్పులు దిద్దించాడు. అందుకే నేడు మిగిలిన ప్రతులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు కనిపిస్తాయి.

పుస్తకం రూపం కూడా ఆయన ఆలోచనే. ఆకుపచ్చ కాలికో అట్ట. దాని మీద బంగారు రంగులో వేళ్లూ ఆకులూ మొలిచినట్టున్న అక్షరాలు. లోపల 95 పేజీలు, ఒక పీఠిక, పేర్లు లేని 12 కవితలు. ముఖపత్రం మీద కవి పేరు లేదు. దానికి ఎదురుగా బొమ్మ మాత్రం ఉంది: గుండీ విప్పిన చొక్కా, నెత్తిన టోపీ, ఒక చెయ్యి నడుం మీద, మరో చెయ్యి జేబులో. కోటూ టై వేసుకుని బొమ్మ దిగే కవుల కాలంలో కూలివాడి వాలకంతో పాఠకుడి ముందుకు రావడం సాహసమే. పేరు కోసం చూసేవారికి అది కాపీరైటు పంక్తిలోనూ, మొదటి కవిత మధ్యలోనూ దొరుకుతుంది.

అమ్మకం మాత్రం అనుకున్నట్టు సాగలేదు. బ్రాడ్‌వే మీద ఫౌలర్ అండ్ వెల్స్ దుకాణం పుస్తకాన్ని అమ్మకానికి పెట్టింది. తల ఆకారాన్ని బట్టి గుణగణాలు చెప్పే విద్యకు సంబంధించిన పుస్తకాలు అమ్మేవాళ్లు వాళ్లు. మొదట రెండు డాలర్లుగా పెట్టిన వెలను తర్వాత ఒక డాలరుకు దించారు. అయినా కొన్నవాళ్లు కొద్దిమందే.  పత్రికలకూ ప్రముఖులకూ పంపిన ప్రతుల్లో ఒకటి మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌కు, ఆనాటి అమెరికా మేధావుల్లో పెద్దతలకాయ అయిన రాల్ఫ్ వాల్డో ఎమర్సన్‌కు చేరింది. పుస్తకం తలరాత మార్చింది ఆ ఒక్క ప్రతే.

ఎమర్సన్ 1855 జూలై 21న ముక్కూమొహం తెలియని ఈ కవికి ఉత్తరం రాశాడు. అమెరికాలో ఇంతవరకూ వచ్చిన వాటిలో ఇంత అసాధారణమైన పుస్తకం లేదని మెచ్చుకుని, గొప్ప ప్రస్థానం మొదలైందని స్వాగతం పలికాడు. విట్మన్ ఆ ఉత్తరాన్ని కొన్నాళ్లు దగ్గరే ఉంచుకున్నాడు. అక్టోబరు 10న అది 'న్యూయార్క్ ట్రిబ్యూన్' పత్రికలో అచ్చయింది. ఆ మాటలను చిన్న కాగితాల మీద విడిగా అచ్చువేయించి సమీక్షకులకూ పంపాడు. ఎమర్సన్ అనుమతి తీసుకోలేదు. మరుసటి ఏడాది 32 కవితలతో, జేబులో పట్టే సైజులో రెండో కూర్పు వేసినప్పుడు ఉత్తరంలోని స్వాగత వాక్యాన్ని ఎమర్సన్ పేరుతో సహా పుస్తకం వెన్ను మీద బంగారు అక్షరాలతో కొట్టించాడు. లోపల ఉత్తరం మొత్తం వేసి, దానికి సుదీర్ఘమైన జవాబు జతచేశాడు. మొదటి కూర్పు వెయ్యి ప్రతులూ ఇట్టే అమ్ముడుపోయాయని అందులో రాశాడు. అది అబద్ధం. ఇవాళ ప్రతి పుస్తకం అట్ట మీదా కనిపించే ప్రముఖుల ప్రశంసలకు ఈ వెన్ను మీది వాక్యాన్ని తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. అయితే ఒకరు సొంతంగా రాసుకున్న ఉత్తరాన్ని అడగకుండా అమ్మకానికి వాడుకోవడం తప్పే. ఆ కాలం వాళ్లకూ అది మర్యాద తప్పినట్టే తోచింది. ఎమర్సన్ నొచ్చుకున్నా స్నేహం మాత్రం తెంచుకోలేదు.

అంతకన్నా వింత పని మరొకటుంది. 1855 చివరి నెలల్లో మూడు పత్రికల్లో వచ్చిన మూడు అజ్ఞాత సమీక్షలు విట్మన్ రాసినవే. వాటిలో 'బ్రూక్లిన్ డైలీ టైమ్స్' సొంత ఊరి పత్రిక. మరొకటి ఫౌలర్ అండ్ వెల్స్ వాళ్లదే. అందులో ఇంగ్లండు ఆస్థాన కవి టెన్నిసన్ కొత్త పుస్తకం పక్కన తన పుస్తకాన్ని నిలబెట్టి పోల్చాడు. ఆనాడు సమీక్షలు పేరు లేకుండా రావడం మామూలే గనుక పాఠకులకు వెంటనే తెలియలేదు. దీన్ని సమర్థించలేం. కానీ ఈ సమీక్షలను తీసిపారేయలేం కూడా. ఇలాంటి కవిత్వాన్ని ఎలా చదవాలో చెప్పేవాళ్లు ఇంకా పుట్టని చోట, ఆ పని కవే నెత్తినేసుకున్నాడు. తన పద్ధతి గురించి తొలి వివరణలు వాటిలోనే ఉన్నాయి. తిట్లకు మాత్రం ఆయన భయపడలేదు. రెండో కూర్పు చివర పొగడ్తలతోపాటు బోస్టన్ పత్రిక ఒకటి దుమ్మెత్తిపోసిన సమీక్షనూ వేశాడు.

1860లో బోస్టన్ ప్రచురణకర్తలు థేయర్ అండ్ ఎల్‌డ్రిడ్జ్ ముందుకొచ్చి మూడో కూర్పు తెచ్చారు. ఆ సమయంలోనే ఎమర్సన్ బోస్టన్ పార్కులో విట్మన్‌ను వెంటబెట్టుకుని నడుస్తూ, శరీర వాంఛల కవితలు తీసేస్తే పుస్తకానికి మేలని నచ్చజెప్పాడు. విట్మన్ అంతా విని, ఒక్కటీ తీయలేదు. మరుసటి ఏడాదే ప్రచురణకర్తలు దివాలా తీశారు. అచ్చు పలకలు చేతులు మారి ఒక వ్యాపారి దగ్గరకు చేరాయి. ఆయన ఏళ్ల తరబడి దొంగ ప్రతులు అచ్చువేసి అమ్ముకున్నాడు. విట్మన్ మళ్లీ సొంత డబ్బుకే వచ్చాడు. 1865లో 'డ్రమ్ ట్యాప్స్' అనే కవితా సంపుటినీ, 1867లో 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' నాలుగో కూర్పునూ అలాగే వేసుకున్నాడు.

1873లో పక్షవాతం రావడంతో ఆయన న్యూజెర్సీలోని కామ్డెన్‌కు, తమ్ముడి ఇంటికి చేరాడు. 1876లో అక్కడినుంచే రెండు సంపుటాల 'రచయిత కూర్పు' తెచ్చాడు. ఒక్కో సంపుటం ఐదు డాలర్లు. ఆర్డర్లు రాసుకోవడం, సంతకం చేయడం, పొట్లం కట్టి పోస్టులో వేయడం అన్నీ ఆయనే. అంతకు ముందు ఆ జనవరి 26న 'వెస్ట్ జెర్సీ ప్రెస్' అనే స్థానిక పత్రికలో, దేశం విట్మన్‌ను పట్టించుకోవడం లేదంటూ పేరు లేని వ్యాసం వచ్చింది. రాసింది ఆయనే. దాన్ని లండన్‌లోని విమర్శకుడు విలియం మైకేల్ రోసెట్టికి పంపాడు. రోసెట్టి చొరవతో అది ఇంగ్లండు పత్రికలకెక్కి, అట్లాంటిక్‌కు రెండు వైపులా పెద్ద దుమారం రేపింది. వ్యాసంలో అతిశయోక్తి ఉంది. కానీ చెయ్యీ కాలూ సరిగా ఆడని మనిషి అవసరం మాత్రం నిజం. ఇంగ్లండు నుంచి చందాలు వచ్చాయి. కొన్నవాళ్లలో టెన్నిసన్ కూడా ఉన్నాడు.

అన్నిటికన్నా ఎక్కువ అమ్మకం తెచ్చింది ఆయన పన్నని ఎత్తు. 1881లో బోస్టన్ ప్రచురణకర్త జేమ్స్ ఆస్‌గుడ్ కొత్త కూర్పు వేశాడు. 1882 మార్చి 1న జిల్లా అటార్నీ దాన్ని అశ్లీలమని హెచ్చరిస్తూ నోటీసు ఇచ్చాడు. కొన్ని చిన్న మార్పులకు సరేనన్న విట్మన్, కవితలకు కవితలే తీసేయమనేసరికి కుదరదన్నాడు. ఆస్‌గుడ్ పలకలు తిరిగి ఇచ్చేసి తప్పుకున్నాడు. ఫిలడెల్ఫియాలో రీస్ వెల్ష్ దాన్ని మళ్లీ అచ్చువేస్తే మొదటి విడత ఒక్కరోజులో అయిపోయింది. దాని రాయల్టీ డబ్బుకు కొంత అప్పు చేర్చి, విట్మన్ 1884లో కామ్డెన్ మికిల్ వీధిలో 1,750 డాలర్లకు ఇల్లు కొన్నాడు. 

చివరి కూర్పు విట్మన్ మంచం మీద ఉండగా సిద్ధమైంది. 12 కవితల పుస్తకం దాదాపు 400 కవితలకు పెరిగింది. 1892 మార్చి 26న ఆయన కన్నుమూశాడు. తొలి కూర్పు ప్రతుల కోసం 2005లో జరిపిన లెక్కలో ప్రపంచవ్యాప్తంగా 158 తేలాయి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది గనుక అన్ని కూర్పుల పేజీలనూ, వాటి మీద వచ్చిన సమీక్షలనూ, ఆయన పేరు దాచి రాసుకున్న ఆ మూడింటితో సహా, 'వాల్ట్ విట్మన్ ఆర్కైవ్' ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఆసక్తి ఉన్నవారు 1855 పీఠికతో మొదలుపెట్టవచ్చు.