ఒక కొయ్య చీల చరిత్ర

పోయిన ఏడాది మా ఊళ్ళో తాతగారి పెంకుటిల్లు విప్పించాం. పడగొట్టించాం అనటం లేదు, విప్పించాం అనే అంటున్నాను. పనికి వచ్చిన పెద్ద వడ్రంగి గోడల జోలికి పోకముందే పైకెక్కి, దూలానికీ స్తంభానికీ మధ్య దిగ్గొట్టి ఉన్న బొటనవేలంత కొయ్య చీలల్ని వెనకనుంచి తట్టి ఒక్కొక్కటే బయటికి తీశాడు. చీలలు వచ్చేశాక దూలాన్ని నలుగురూ పట్టి ఎత్తితే లేచి వచ్చేసింది, ఎక్కడా పగుల్లేదు. నాన్నగారి హయాంలో కట్టిన వసారా వాసాలు మాత్రం ఇనప మేకులతో బిగించినవి. పెరికేసరికి కొసలు చీలిపోయాయి, తుప్పు పట్టిన చోటల్లా కర్ర మెత్తబడిపోయింది. "పాతది అమ్ముకోవచ్చు బాబూ, కొత్తది పొయ్యిలోకే" అన్నాడాయన.

అప్పటినుంచీ ఈ చీల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. "ఒక్క మేకు కూడా లేకుండా కట్టారండీ!" అని పాత కట్టడాల గురించి చెప్పేటప్పుడు మన గొంతులో ఒక అబ్బురం ఉంటుంది. దాని వెనక రెండు నమ్మకాలుంటాయి. ఇది మనవాళ్ళకే తెలిసిన రహస్యమని ఒకటి, ఇనుము దొరక్క చేసుకున్న సర్దుబాటని ఇంకొకటి. మొదటిది తప్పు. రెండోది సగమే నిజం.

జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర ఆల్ట్‌షెర్బిట్జ్ అనే చోట సుమారు 7000 ఏళ్ళనాటి బావి బయటపడింది. దాని లోపలి ఒర ఓక్ పలకలతో కట్టింది. లోహం ఇంకా చేతికి రాని రోజులవి. రాతి బాడితలతో చెక్కి, ఒక పలక కొసని ఇంకోదాని బెజ్జంలోంచి దూర్చి, బయటికి పొడుచుకొచ్చిన కొసలో అడ్డంగా చీల కొట్టి బిగించారు. లోహం లేదు కాబట్టి అలా చేశారనుకుందాం. మరి టర్కీ దక్షిణ తీరంలో ఉలుబురున్ దగ్గర 1982లో కనిపించిన ఓడ సంగతేమిటి? అది క్రీ.పూ. 14వ శతాబ్దంలో మునిగింది. అందులోని సరుకు సుమారు 10 టన్నుల రాగి, ఒక టన్ను తగరం. అంత లోహాన్ని మోస్తూ కూడా, ఆ ఓడ దేవదారు పలకల్ని కలిపి పట్టుకున్నవి ఓక్ చీలలే.

కారణం కర్ర స్వభావంలో ఉంది. కొట్టేశాక కూడా కర్ర కదలటం మానదు. వానాకాలం తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. మేకు దానితోపాటు కదలదు. పైగా తేమకి తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి చుట్టూ ఉన్నదాన్ని పగలగొడుతుంది. ఏథెన్స్ పార్థెనాన్‌లో 20వ శతాబ్దం తొలినాళ్ళ మరమ్మతుల్లో పెట్టిన ఇనప బందులు ఇలాగే పాలరాతినే పగలగొట్టాయి. ఇప్పుడు వాటిని తీసి టైటానియంవి పెడుతున్నారు. చీల అలా కాదు. బాగా ఆరిన గట్టికర్ర చీలని కాస్త పచ్చిదనమున్న దూలంలో కొడితే, దూలం ఆరుతూ దాన్ని బిగించి పట్టుకుంటుంది. అదే ఓడలోనైతే చీలే నీళ్ళు తాగి ఉబ్బి బిగుసుకుంటుంది.

మన భాషకి ఈ సంగతి బాగా తెలుసు. కాలి కీలుని చీలమండ అన్నాం. బండిచక్రం ఇరుసులోంచి జారకుండా కొట్టేది కడసీల. దశరథుడి రథానికి సీల ఊడిపోతే కైక తన వేలు పెట్టి ఆపిందని చిన్నప్పుడు విన్న కథ వాల్మీకంలో లేదు. అక్కడ ఆమె యుద్ధంలో స్పృహ తప్పిన భర్తని పక్కకి తీసుకుపోయి కాపాడుతుంది, అంతే. తర్వాత కథ చెప్పినవాళ్ళకి బండి తెలుసు. రెండు వరాలకి సరితూగే సాయం ఏమిటని ఆలోచిస్తే వాళ్ళకి సీల తోచింది.

అయినా మేకే గెలిచింది. 19వ శతాబ్దం చివరికి యంత్రాలు తీగని తుంచి మేకుల్ని కుప్పలుగా పోశాయి. మేకుకి ఆరిన కర్ర అక్కర్లేదు, కొలిచి తొలిచిన బెజ్జం అక్కర్లేదు, ఏళ్ళ తరబడి నేర్చిన చెయ్యీ అక్కర్లేదు. పేదవాడి ఇంటికి కూడా తలుపు చవగ్గా వచ్చింది. దాన్ని తప్పు పట్టలేను. కానీ విప్పి మళ్ళీ కట్టుకునే వీలు మాత్రం దానితోనే పోయింది.

ఈమధ్య పెట్టెలో విడిభాగాలుగా వచ్చిన పుస్తకాల బీరువా ఒకటి బిగించాను. అందులో కొయ్య చీలలున్నాయి! వేలెడు పొడవు కూడా లేవు, ఒంటినిండా సన్నటి గాళ్ళు. జిగురు పరుచుకోవటానికీ, లోపలి గాలి బయటికి పోవటానికీ ఆ గాళ్ళు. జిగురులో నీటికి చీల ఉబ్బుతుంది, అదే పాత సూత్రం. కానీ అవి దిగింది రంపపు పొట్టు అదిమి చేసిన చెక్కలోకి. అద్దె ఇల్లు మారేటప్పుడు విప్పబోతే బెజ్జాలు పొడిపొడిగా రాలాయి. చీల తిరిగొచ్చింది గానీ, దాన్ని భరించే కర్ర రాలేదు.

మా దూలాలు పక్కూళ్ళో ఎవరో కొనుక్కుని ఇంటికి వేసుకున్నారు. ఆ పెద్దాయన తీసిన చీలల్లో రెండు నేను తెచ్చుకున్నాను. ఒకటి గోడకి చిలక్కొయ్యలా బిగించి సంచి తగిలిస్తున్నాను. రెండోదానితో అమ్మ బాల్కనీ కుండీల్లో మెంతులకీ గోంగూరకీ గుంటలు పెడుతోంది.