మర్రి నీడలో నెలవంకలు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. మన ఇళ్లలో మాత్రం పిల్లల్ని లోపల కూర్చోబెట్టి తలుపులు మూశారు. జాగ్రత్త మంచిదే. మసి పట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్మ్ కంటిని కాపాడవు.

2010 జనవరి 15, కనుమ నాటి పాక్షిక గ్రహణాన్ని నేను ఫొటో తీశాను. వెలుతురులో లక్షో వంతే వదిలే, సూర్యుడి కోసమే చేసిన ఫిల్మ్‌ను అట్ట గొట్టానికి బిగించి లెన్స్ ముందు తొడిగాను. వెనక పెడితే వేడికి మాడిపోతుంది.

మొయినాబాద్–చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద ఏ ఫిల్టరూ అక్కర్లేదు. ఆకుల సందులే సూదిబెజ్జాలై నేలంతా నెలవంకలు పరుస్తాయి. రోడ్డు వెడల్పయినా ఆ చెట్లు నిలవాలి. రేపటి గ్రహణానికి మన బడి పిల్లలు తలుపులు మూసుకోకుండా వాటి కిందికి రావాలి.