బ్రిటిష్ స్లాంగ్: ‘బ్లడీ’ అంటే తిట్టేనా..? యూకే వెళ్లేవాళ్లు ఈ పదాలు తెలుసుకోవాల్సిందే!

మన సినిమాల్లో విలన్ ‘బ్లడీ ఫూల్’ అన్నాడంటే అది పక్కా తిట్టే. కానీ బ్రిటన్‌లో వాన పడినా, బస్సు లేటయినా ‘బ్లడీ’ అనేస్తుంటారు. మరి అక్కడ ఏ మాట సరదా.. ఏ మాట గొడవ? చదువు, ఉద్యోగం కోసం యూకే వెళ్లే తెలుగువాళ్లకు తరచూ వినిపించే పదాలు, వాటి అర్థాలు ఇవీ..

బ్లడీ: మన ‘తెగ’, ‘మహా’ లాగా ఒత్తి చెప్పే మాట. ‘బ్లడీ గుడ్’ అంటే ‘అదిరిపోయింది’ అని మెచ్చుకోవడమే. ఒకప్పుడు మాత్రం ఇది పెద్ద బూతు. 1914లో లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’ ఆడినప్పుడు హీరోయిన్ నోట ఈ మాట రావడం సంచలనమైంది.

ప్లాంకర్, నంప్టీ, మపెట్: మూడింటికీ దాదాపు ‘తింగరోడు’ అనే అర్థం. నంప్టీ స్కాట్లాండ్ మాట. ప్లాంకర్‌ను ఇంటింటికీ చేర్చింది 1981లో మొదలైన బీబీసీ కామెడీ సీరియల్ ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’. అందులో అన్న డెల్ తన తమ్ముడు రోడ్నీని ఇలాగే తిడుతుంటాడు.

గిట్: ‘పనికిమాలినోడు’. పై మూడింటి కంటే కాస్త ఘాటు.

బగ్గర్: పని చెడితే ‘ఛ’ అన్నట్టు వాడతారు. ‘పూర్ బగ్గర్’ అంటే ‘పాపం, వాడు’.

సాడ్ ఆఫ్: ‘పోరా’ అని కసరడం.

పిస్డ్: ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికాలో ‘కోపంగా ఉన్నాడు’, బ్రిటన్‌లో ‘ఫుల్లుగా తాగాడు’. ‘టేకింగ్ ద పిస్’ అంటే ఆటపట్టించడం లేదా మనల్ని అలుసుగా తీసుకోవడం.

ఎంత ఘాటు?
బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2016లో ఇలాంటి పదాలపై జనాభిప్రాయం తీసుకుంది. బ్లడీ, బగ్గర్, గిట్, సాడ్ ఆఫ్ ‘తేలికపాటి’ జాబితాలో ఉన్నాయి. ‘బొలక్స్’ (చెత్త మాటలు) మాత్రం ‘మధ్యస్థం’. అంటే రాత్రి 9 గంటల లోపు టీవీలో వినిపిస్తే అభ్యంతరం రావచ్చు.

ఎక్కడ జాగ్రత్త?
వానను, బస్సును ‘బ్లడీ’ అంటే ఎవరూ పట్టించుకోరు. అదే ‘యూ’ చేర్చి మనిషి మీదకు వదిలితే మాత్రం అక్కడా తిట్టే. ఫ్రెండ్ నవ్వుతూ ‘మపెట్’ అంటే చనువు.. అదే మాట మనం మేనేజర్‌తోనో, ఇంటి ఓనర్‌తోనో అంటే మర్యాద పోతుంది. ఇంటర్వ్యూల్లో, ఆఫీసు ఈమెయిల్స్‌లో వీటి జోలికే పోవద్దు. కొత్తలో ఎవరు ఎవరితో ఎలా అంటున్నారో గమనిస్తే చాలు.